సెంట్రీ అడిగిన గంగవరం అమ్మాయి

పోయిన నెలలో మదనపల్లెలో, అంగళ్లుకు పోయే దారిలో ఉన్న ఒక కల్యాణమండపంలో, పోలీసు శాఖలో ఆడవాళ్ల సమాన భాగస్వామ్యం గురించి ఒక సభ జరిగింది. రిటైరై ఇంటిపట్టున ఉంటున్న నాలాంటి పాత ఆడ పోలీసుల్ని కొందరిని వెతికి పట్టుకుని, జీపు పంపించి మరీ పిలిపించుకున్నది ఇక్కడ పనిచేస్తున్న ఒక చిన్నవయసు ఆడ ఎస్సై. ఆ పిల్ల మర్యాదకు వంక పెట్టడానికి లేదు. గుమ్మం దగ్గరికి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టింది. నేనూ మోకాళ్ల నొప్పులు మరిచి, గంజి పెట్టిన చీర కట్టుకుని, కాస్త హుషారుగానే పోయాను, వేదిక మీద నడిమధ్య కుర్చీలో కూర్చున్న మనిషిని చూసేదాకా.

జుట్టు పూర్తిగా నెరిసింది, ఒళ్లు తగ్గింది, చేతికి కర్ర వచ్చింది, గొంతు మాత్రం మారలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా స్టేషన్‌తో పాటు చుట్టుపక్కల స్టేషన్ల మీద పెత్తనం చేసిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆయన. సర్కిల్ సార్ అనేవాళ్లం. మైకు పట్టుకుని, తన హయాంలో ఆడ కానిస్టేబుళ్లను కడుపున పుట్టిన బిడ్డల్లాగా చూసుకున్నానని, వాళ్ల చేతికి తుపాకీ ఇచ్చి ధైర్యం నూరిపోసింది తానేనని, ఈనాడు ఈ ఆడపిల్లలు జీపుల్లో తిరుగుతున్నారంటే ఆ నాటి విత్తనం తనదేనని చాలాసేపు చెప్పాడు. మండపమంతా చప్పట్లు కొట్టింది. నా చేతులు ఒళ్లోంచి లేవలేదు. నాకు శాలువా కప్పేటప్పుడు కొంచెం ముందుకు వంగి, "బాగుండావా అమ్మా? గుర్తుపట్టినావా నన్ను?" అన్నాడు. గుర్తుపట్టాను సార్ అన్నాను. నాకు మైకు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఏం చెప్పి ఉండేదాన్నో అది ఇంటికి వచ్చినప్పటినుంచీ గొంతులో అడ్డం పడి ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా ఈడువాళ్లు, ఖాకీ తొడిగినవాళ్లే కాదు, ఏదో ఒక ఆఫీసులో మొదటి ఆడమనిషిగా అడుగుపెట్టినవాళ్లు ఎవరు చదివినా, నేను గోరంతను కొండంత చెయ్యడం లేదని వాళ్లకు తెలుస్తుంది.

మాది మదనపల్లెలో దర్జీల ఇల్లు. అబ్బా, అంటే మా నాన్న, దుకాణం బజారులో, ఒక మిషను, ఒక కత్తిరింపుల బల్ల, కొక్కేలకు వేలాడే ఖాకీ ప్యాంట్లు. చుట్టుపక్కల పోలీసులు, బస్సు కండక్టర్లు, ఫారెస్టువాళ్లు అందరూ యూనిఫారాలకు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. బడి వదిలిన తరవాత నేను ఆ బల్ల పక్కన పీట వేసుకుని గుండీలు కుట్టేదాన్ని. కొత్త ఖాకీ గుడ్డకు గంజి వాసన, దుమ్ము వాసన కలిసిన ఒక వాసన ఉండేది, ఇప్పటి గుడ్డకు అది లేదు. ఇంటర్ అయిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఆడ కానిస్టేబుళ్లను తీసుకుంటున్నారని దుకాణానికి వచ్చిన ఒక ముసలి పోలీసు నోట విని, నేనే ధైర్యం చేసి అబ్బాను అడిగాను. ఆయన కత్తెర ఆపకుండానే, పరుగెత్తగలవా అని అడిగాడు. పరుగెత్తగలనన్నాను. ఆయన అంగీకారమంతా అంతే, దాని మీద ఇంకో మాట లేదు.

ఇంట్లో మాత్రం యుద్ధమే అయింది. బడే అబ్బా, అంటే మా నాన్నకు అన్న, దుకాణం ముందు నిలబడి బజారంతా వినేటట్టు, "ఖాకీ కుట్టేది మన పని, తొడిగేది కాదురా" అని అరిచి పోయినవాడు చాలా ఏళ్లు మా గడప తొక్కలేదు. అమ్మీ నాతో మాటలు మానేసింది. కానీ నేను ఎంపికై, యూనిఫారం కుట్టించుకోవాల్సి వచ్చి, ఆడపిల్లకు ప్యాంటు కొలతలు ఎట్లా తియ్యాలో తెలియక అబ్బా తల వంచుకుని నిలబడినప్పుడు, ఆ టేపు ఆయన చేతిలోంచి లాక్కుని, తెర వెనక నా నడుమూ కాళ్లూ కొలిచి, ఒక్కో అంకె కోపంగా అరిచి చెప్పింది అమ్మీయే. అప్పటిదాకా ఆడ పోలీసులంటే ఖాకీ చీరలే, ప్యాంట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ కోపంలో కొలిచిన కొలతలతో కుట్టిన ప్యాంటంత బాగా అమరిన బట్ట నేను మళ్లీ తొడగలేదు.

ట్రైనింగులో నా పక్క మంచం గంగవరం అమ్మాయిది. పలమనేరు దగ్గర గంగవరం. మెట్ట సేద్యం చేసుకునే రైతు ఇంటి పిల్ల. బావిలో నీళ్లు అడుగంటితే తాడు పట్టుకుని దిగి పూడిక తీసిన చేతులు ఆమెవి. మా అందరికంటే ముందు నిద్ర లేచేది, మా అందరికంటే ముందు మైదానం చుట్టి వచ్చేది. రైఫిలు ఇచ్చి గురి పెట్టమన్న మొదటి రోజున మాకు భుజాలు కమిలిపోతే, ఆమె మాత్రం తూటా తగిలిన చోటు చూసుకుని, ఇంకోటి ఇయ్యండి సార్ అని అడిగింది. మాకు నేర్పించే ముసలి హవల్దారు మొహం గంటు పెట్టుకునే మనిషి, ఆయనే నవ్వి, ఈ పిల్ల మగపిల్లోడయి ఉంటే అని ఏదో అనబోయి, ఆమె చూపు చూసి ఆ మాట మింగేశాడు. పోలీసుగా ఉండడానికే పుట్టిన మనుషులంటూ ఉంటే, నా సర్వీసు మొత్తంలో నేను చూసినవాళ్లలో ఆమె ఒకతి. ఈ మాట స్నేహం కొద్దీ అంటున్నది కాదు.

మా ఇద్దరికీ ఒకే స్టేషను పడింది. పుంగనూరు అవతల, సంత జరిగే ఒక ఊళ్లో. దాని పేరు రాయను, ఆ గోడల తప్పు కాదు కాబట్టి. ఇద్దరం బస్సు దిగి, పెట్టెలు మోసుకుంటూ పోయి, సెల్యూట్ కొడితే, ఎస్సై తలెత్తి చూడలేదు. రైటర్‌తో, అంటే స్టేషన్లో రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్‌తో, "నేను మనుషుల్ని పంపమంటే ఈళ్లని పంపినారు సూడప్పా" అన్నాడు. రైటర్, ఈడ కుర్చీలు లేవమ్మా అని మాకు చెప్పాడు. నిజానికి గోడ పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మేము ఆ రోజు సాయంత్రం దాకా నిలబడే ఉన్నాం. మర్నాడు చూస్తే ఆ రెండు కుర్చీల మీద పాత కాగితాల కట్టలు పెట్టి ఉన్నాయి.

ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదు. ఉన్న ఒకదానికి గడియ లేదు. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే అయ్యో అంటారు గానీ, అర్థం కాదు. మొదట్లో రోడ్డు అవతల ఇంటి అత్తమ్మ ఒకావిడ జాలిపడి వాళ్ల పెరటికి రానిచ్చేది. మా కానిస్టేబుళ్లు ఆవిడ భర్తను రోడ్డు మీద ఆపి ఏదో వెకిలిగా అన్నారంట, ఆయన ఆ మర్నాటినుంచి తలుపు వేసేశాడు. ఆవిడ కిటికీలోంచి మా వైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపి లోపలికి పోయింది. ఆ తరవాత మేము పొద్దున ఇంట్లో తాగిన నీళ్లతోనే మళ్లీ ఇల్లు చేరేదాకా ఉండడం నేర్చుకున్నాం. ఎండల్లో సంత బందోబస్తుకు వేసినప్పుడు, పొట్టి పుంగనూరు ఆవుల్ని తోలుకొచ్చిన రైతులు చెంబుతో నీళ్లిస్తే, వద్దప్పా అని తిప్పి పంపేవాళ్లం. పొగరు అనుకున్నారు. అట్లా నీళ్లు తాగకుండా ఉండడం వల్ల నాకు వచ్చిన జబ్బు ఈనాటికీ నన్ను వదల్లేదు, డాక్టర్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆ స్టేషన్ గుర్తొస్తుంది.

పని ఏమిటంటే, టీ తెచ్చి పొయ్యడం, ఆడ ముద్దాయి ఎవరైనా వస్తే పక్కన కూర్చోవడం, మిగతా వేళల్లో ఎస్సై క్వార్టర్స్‌కు పోయి ఆయన భార్యకు చేతి కింద ఉండడం. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కూర్చోమనేది కూడా. కానీ బీన్స్ తరగడానికి నేను మైదానం చుట్టూ పరుగెత్తలేదు. నేను గొణుక్కుంటూ పోయేదాన్ని. గంగవరం అమ్మాయి ఒక్క రోజు పోయింది. రెండో రోజు పిలుపు వస్తే, "డ్యూటీ పుస్తకంలో రాసియ్యండి సార్, ఎస్సై గారి వంటింట్లో డ్యూటీ అని. రాస్తే పోతాను" అని రైటర్ ముందు నిలబడింది. రైటర్ పుస్తకం మూసేశాడు. ఆ రోజునుంచి మా ఇద్దరి మీదా కత్తి కట్టారు. మేము లోపలికి వస్తే మాటలు ఆగిపోయేవి, లేదంటే మేము వినాలనే పెరిగేవి. మా టోపీలు కనిపించకుండా పోయేవి. వారం సెలవు మా ఇద్దరికీ రాసేవాళ్లు కాదు. అడిగితే, సమానం కావాలంటిరి గదమ్మా, మాకూ లేదు సెలవు, అనేవాళ్లు. వాళ్లు మాత్రం ఊళ్లకు పోయి వచ్చేవాళ్లు.

ఇక్కడ సెంట్రీ అంటే ఏమిటో చెప్పాలి. స్టేషన్ గుమ్మం దగ్గర రైఫిలు పట్టుకుని కాపలా నిలబడడం. గొప్ప పనేం కాదు, కాళ్లు పీకే పని, మగవాళ్లు తప్పించుకోవడానికి చూసే పని. కానీ ఊళ్లో ఎవరు స్టేషన్‌కు వచ్చినా మొదట కనిపించేది ఆ మనిషే. మాకు అది ఇవ్వరు, రాత్రిళ్లు ఊళ్లో తిరిగి గస్తీ కాసే బీటూ ఇవ్వరు. రైఫిలు తుడిచి పెట్టమని ఇచ్చేవాళ్లు, తుడిచినాక తీసుకునేవాళ్లు.

ఒకసారి సర్కిల్ సార్ తనిఖీకి వచ్చి, అందర్నీ వరసలో నిలబెట్టి, ఎవరికైనా చెప్పుకోవాల్సింది ఉంటే చెప్పండని మామూలుగా అడిగాడు. అది అడగడం ఆనవాయితీ, ఎవరూ చెప్పకపోవడమూ ఆనవాయితీ. గంగవరం అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది.

"మాకూ సెంట్రీ ఇయ్యండి సార్. బీటూ ఇయ్యండి. మేమూ అదే జీతం తీసుకుంటాండాము."

ఆయన నవ్వాడు. వెనక నిలబడినవాళ్లు ఆయన నవ్వు చూసి నవ్వారు. "తుపాకీ బరువెంత ఉంటాదో తెలుసునా నీకు?" అన్నాడు.

"ట్రైనింగులో కాల్చినాను సార్. ఈడ ఉండేవాళ్లలో నా కంటే బాగా కాల్చేవాళ్లు ఎవురన్నా ఉంటే, వాళ్లని నా పక్కన నిలబెట్టండి. సూస్తాము."

ఆ నవ్వు ఎట్లా ఆగిపోయిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నేను కూడా ఆమె పక్కకు ఒక అడుగు వేశాను. సర్కిల్ సార్ మా ఇద్దర్నీ పైనుంచి కిందికి ఒకసారి చూసి, సరే, మీకు మొగోళ్ల డ్యూటీ కావాలన్నమాట, అని జీపెక్కాడు. ఆ వారంలోనే మా ఇద్దర్నీ కుప్పం అవతల, రాష్ట్రం సరిహద్దు మీది చెక్‌పోస్టులో పనిచెయ్యమని పంపించేశారు.

కుప్పం గాలి చల్లన, నీళ్లు తీపి. బజారులో తెలుగూ అరవమూ కన్నడమూ కలగలిపి ఒకే వాక్యంలో మాట్లాడతారు. ఉద్యోగం కోసం కాక వేరే పని మీద పోయి ఉంటే ఆ ఊరిని ప్రేమించి ఉండేదాన్ని. చెక్‌పోస్టు అంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అడ్డంగా ఒక వెదురు బొంగు, ఎదురుగా ఒక టీకొట్టు. పక్క రాష్ట్రాలనుంచి దొంగసారా రాకుండా చూడడం పని. అక్కడి హెడ్ కానిస్టేబుల్‌కు, ఆయన కింద ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లకు మేము రావడం కంట్లో నలుసు పడ్డట్టయింది. ఏ బండిని ఆపాలో, ఏ బండికి బొంగు ముందే ఎత్తాలో వాళ్లకొక లెక్క ఉంది, ఆ లెక్క మాకు తెలియదు. మా పని బస్సుల్లోకి ఎక్కి ఆడవాళ్ల మూటలు చూడడం. ఆ ఆడవాళ్లూ మమ్మల్ని తిట్టిన తిట్లు తక్కువ కాదు. మొగోళ్లతో కలిసి రోడ్డు మీద నిలబడే మీకు సిగ్గెక్కడిదని ఒక ముసలమ్మ నా మొహం మీదే అన్నది. ఎవరి వైపునుంచీ ఒక మంచి మాట లేదు.

ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, పెళ్లివాళ్ల వ్యాను ఒకటి వచ్చింది. ముందు పూలదండ, లోపల కొందరు ఆడవాళ్లు, వెనక సీట్లలో పడుచువాళ్లు. హెడ్డు షెడ్డులోంచే, మనోళ్లే, పోనీండి, అని కేకేశాడు. గంగవరం అమ్మాయి బొంగు ఎత్తలేదు. ఆడవాళ్లు ఉండారు సార్, సూడాల్సింది మేమే గదా, అని వ్యాను ఎక్కింది. సీట్ల కింద గోనెపట్టాలు కప్పి సారా క్యాన్లు ఉన్నాయి. ఆమె ఒక క్యాను బయటికి లాగుతుండగానే వెనకనుంచి ఒకడు ఆమె జడ పట్టి వెనక్కి గుంజాడు, ఇంకొకడు చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు, చొక్కా చేతి కుట్టు భుజందాకా పర్రుమని చినిగింది. నేను పరుగెత్తి లోపలికి దూరి లాఠీతో కొట్టాను. ఎవరిని కొట్టానో, ఎక్కడ కొట్టానో తెలియదు. నా నోటినుంచి వచ్చిన కేకలు నావి అని నాకే తెలియలేదు. ఆ తోపులాటలో నా చొక్కా జేబు కూడా ఊడిపోయింది.

మా కానిస్టేబుళ్లు ఇద్దరూ బొంగు దగ్గరే నిలబడి ఉన్నారు. వాళ్లు భయపడలేదు. భయపడి ఉంటే క్షమించి ఉండేదాన్ని. "ఆడోళ్లను సూసుకునేది ఆడోళ్ల డ్యూటీ గదప్పా, సూసుకోనీ" అని ఒకడు ఇంకొకడితో అన్నది, అంత గొడవలోనూ నా చెవిన పడింది. మమ్మల్ని కాపాడింది మా వాళ్లు కాదు. వెనక ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు డ్రైవరు దిగి వచ్చాడు, ఆయన వెనక ప్రయాణికులు దిగి వచ్చారు, టీకొట్టు ఆయన మరుగుతున్న పాలగిన్నె వదిలేసి వచ్చాడు. వ్యాను కదలకుండా అడ్డం నిలబడ్డారు. అందరూ చేరిన తరవాత, మా హెడ్డు టోపీ సర్దుకుంటూ షెడ్డులోంచి బయటికి వచ్చాడు.

కేసు కట్టారు. కాగితం మీద వ్యానును ఆపింది హెడ్డు, ఎక్కి సోదా చేసింది ఆ ఇద్దరు కానిస్టేబుళ్లు. మెచ్చుకోలు కూడా వాళ్లకే వచ్చింది. మా పేర్లు ఎక్కడా లేవు. అది మాకు పెద్ద బాధ అనిపించలేదు, అలవాటైపోయింది. కానీ మేము లెక్కకు ఇంకా ఆయన స్టేషన్ మనుషులమే కాబట్టి, మర్నాడు సర్కిల్ సార్ వచ్చాడు. ఆయన గంగవరం అమ్మాయిని నిలబెట్టి అడిగిన మాట, జడ పట్టింది ఎవడు అని కాదు, దెబ్బ ఎక్కడ తగిలింది అని కాదు.

"నువ్వు యాల ఎక్కినావు వ్యాను? ఎవురు ఎక్కమన్నారు?"

ఆమె మెడ మీద గోళ్ల గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పిన్నీసులు పెట్టుకున్న చొక్కాతోనే నిలబడి, నా డ్యూటీ సార్ అన్నది. ఆర్డరు లేకుండా మగవాళ్లున్న బండి ఎక్కి, శాఖ పరువు తీసిందని ఆమెకు మెమో ఇచ్చారు. నన్ను లోపలికి పిలిచి, హెడ్డు వెళ్లనివ్వమన్నా వినకుండా ఆమె తనంతట తానే నవ్వుతూ వ్యాను ఎక్కిందని నేను చెప్పినట్టుగా రాసిపెట్టి, సంతకం చెయ్యమన్నారు. నేను చదివాను. నవ్వుతూ అన్న మాట దగ్గర వేలు పెట్టి, ఇది నేను చెప్పలేదు సార్ అన్నాను. నీకు ఉద్యోగం కావాలా వద్దా అన్నాడు సర్కిల్ సార్. కావాలి సార్, కానీ ఇది నేను చెప్పలేదు, అని మళ్లీ అన్నాను. ఆయన గట్టిగా అరిచేకొద్దీ నా గొంతు చిన్నదైపోయింది గానీ, సంతకం మాత్రం పెట్టలేదు. పూలదండ వ్యానులో ఉన్నవాళ్ల దగ్గరినుంచి కూడా అంత అసహ్యపు చూపు నా మీద పడలేదు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. ఆ వ్యానువాళ్లతో ఆమెకు ముందే పరిచయం ఉందని, డబ్బుల దగ్గర తేడా వచ్చిందని, మా వాళ్లే టీకొట్టు దగ్గర, బస్సుల్లో చెప్పారు. పోలీసులు పుట్టించిన పుకారు పోలీసుల కంటే ముందు ఊళ్లు చేరుతుంది. గంగవరంలో ఆమె అన్న, ఇంటికి రావద్దని కబురు పంపాడు. ఆమె నాయన, ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చెయ్యమని కబురు పంపాడు. ఇద్దరిలో ఒక్కరూ ఏం జరిగిందని అడగలేదు.

ఆ రోజుల్లోనే ఒకనాడు, ఎవరి నోటినుంచి విన్నాడో ఏమో, అబ్బా మదనపల్లెలో దుకాణం మూసి, పొద్దున బస్సెక్కి, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వచ్చి, చెక్‌పోస్టు దగ్గర దిగాడు. చేతిలో టిఫిన్ క్యారియరు, సంచిలో సూదీ దారమూ. మదనపల్లెనుంచి బదిలీ అయి వచ్చిన మా కానిస్టేబులొకడు ఆయన్ని చూసి, ఏం సాయిబూ, కూతురికి బుర్ఖా కుట్టేది మరిచిపోయి ప్యాంటు కుట్టినావా, అన్నాడు. ఆ మనిషి వేసుకున్న ప్యాంటు కూడా అబ్బా కుట్టిందే. అబ్బా పోయి చింతచెట్టు కింద కూర్చుని, గంగవరం అమ్మాయి చొక్కా చెయ్యి మళ్లీ కుట్టాడు, తరవాత నా జేబు కుట్టాడు. దారం పంటితో కొరికి, క్యారియరు నా ముందుకు జరిపి చెప్పాడు.

"నువ్వు వస్తానంటే ఇప్పుడే బస్సెక్కుదాము బేటీ. ఎవురూ ఏమీ అనరు, నేను సూసుకుంటా. ఉంటానంటే అన్నం తిను."

నేను క్యారియరు మూత తీశాను. కన్నీళ్లతో తిన్న ఆ అన్నంలో ఏం కూర ఉందో కూడా నాకు గుర్తులేదు. నేను తినడం మొదలుపెట్టాక ఆయన టోపీ తీసి తల తుడుచుకుని, రోడ్డు అవతలికి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు నన్ను తీసుకుపోవాలనే ఉండిందని నాకు ఇప్పుడు, ఆయన పోయిన ఇన్నేళ్ల తరవాత అనిపిస్తుంది.

గంగవరం అమ్మాయి తినలేదు. మెమోకు జవాబు రాయకుండా, రాజీనామా రాసింది. నేను ఆమె చేతులు పట్టుకుని బతిమాలాను, కాళ్లు పట్టుకుంటానన్నాను, ఇద్దరం ఉంటే ఎట్లాగో తట్టుకుంటామన్నాను. ఆమె ఏడవలేదు. ఆమె అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నేను భయపడి పోతాండానని అనుకోవద్దే. నేను దొంగల్ని పట్టుకోవాలని వచ్చినా. ఈళ్లతో కొట్లాడేదానికే నా ఆయుస్సు సాలేట్టు లేదు, ఇంక దొంగల్ని పట్టేదెప్పుడు?"

బస్సెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం షెడ్డులో, పీడ వదిలిందని నవ్వుకున్నారు. నేను అక్కడే, ఒక్కదాన్నే, ఆ నవ్వుల మధ్య బస్సులెక్కి దిగుతూ, ఇంకా చాలా నెలలు పనిచేశాను. వ్యాను కేసులో డ్రైవరుకు జరిమానా పడింది. జడ పట్టినవాడి పేరు కేసులోనే లేదు.

తరవాతి ఉద్యోగమంతా చెప్పి విసిగించను. చాలా ఏళ్లకు, పెద్దతిప్పసముద్రం వైపు ఒక చిన్న స్టేషన్లో, మాట తక్కువ పని ఎక్కువ మనిషైన ఒక ఎస్సై, రోస్టరు రాస్తూ మామూలుగా నా పేరు సెంట్రీకి రాశాడు. అడగలేదు, పొగడలేదు, పేరు రాశాడు, అంతే. గుమ్మం దగ్గర రైఫిలు పట్టుకుని నిలబడ్డాను. శనక్కాయల బస్తా దొంగతనం గురించి చెప్పుకోవడానికి వచ్చిన ఒక రైతు, ఎస్సై ఉండాడా అమ్మా, అని నన్ను అడిగి లోపలికి పోయాడు. అంత మామూలుగా అయిపోయింది. ఇంత చిన్నదాన్ని ఇవ్వకుండా ఉండడానికి అంతమంది మగవాళ్లు అంత కష్టపడ్డారా అని నాకు ఆ రోజు సంతోషం బదులు ఒళ్లు మండింది.

ఆమెను ఒక్కసారే మళ్లీ చూశాను. నేను హెడ్ కానిస్టేబుల్‌గా మదనపల్లె టమాటా మార్కెట్ దగ్గర ట్రాఫిక్ చూస్తున్నాను. ట్రాక్టరు నిండా టమాటా పెట్టెలతో, దాన్ని తానే తోలుకుంటూ వచ్చింది. తల మీద తువ్వాలు, మొహం నల్లబడింది, గొంతు మాత్రం పరేడు మైదానంలోని గొంతే. ఎదురుగా అడ్డం పెట్టిన ఆటోవాణ్ణి ఒక్క కేకతో వెనక్కి జరిపించింది. నేనే ముందు గుర్తుపట్టాను. ట్రాక్టరు దిగి వచ్చి, నా భుజం మీది పట్టీలను చేత్తో తడిమి చూసింది. చాలాసేపు చూసింది. పెళ్లయింది, బోరు వేసుకున్నారు, నీళ్లు పడ్డాయి, పంట బాగుంది, అన్నీ చెప్పింది. సుఖంగా ఉండావా అని అడిగాను. "ట్రాక్టరు యాల ఎక్కినావని ఆడ నన్ను ఎవురూ అడగరు" అని నవ్వింది. ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతుంటే ఎక్కి వెళ్లిపోయింది. నేను ఆమె కోసం ట్రాఫిక్ ఆపి దారి ఇచ్చాను, ఆమెకు ఈ శాఖ తరఫున జరిగిన మర్యాద అదొక్కటే.

ఇప్పుడు కాలం మారలేదని నేను అనను. స్టేషన్లలో ఆడపిల్లలకు గదులు వచ్చాయి, గడియలున్న తలుపులు వచ్చాయి, కడుపుతో ఉంటే సెలవులు ఇస్తున్నారు, ఎస్సై కుర్చీలోనే ఆడపిల్లలు కూర్చుంటున్నారు. ఆ కుర్చీల్లో కూర్చున్న పిల్లలు కష్టపడి వచ్చారు, వాళ్ల గొప్పతనాన్ని తక్కువ చెయ్యను. కానీ ఇదంతా ఎవరో పెద్దమనుషులు మనసు కరిగి ఇచ్చారని మైకులో వింటున్నప్పుడు మాత్రం నాకు ఓర్పు ఉండదు. ఎవరూ ఇవ్వలేదు. కొందరు మిగిలాం, కొందరు మిగల్లేదు. మిగిలినవాళ్లకు శాలువాలు కప్పుతున్నారు. మా కంటే మంచి పోలీసులు కావాల్సినవాళ్లు ఏ చేలల్లో ఉన్నారో, ఏ వంటిళ్లలో ఉన్నారో ఎవరూ వెతకలేదు.

సాయంత్రం పూట ఇంటి అరుగు మీద కూర్చుంటే, డ్యూటీ దిగి ఇళ్లకు పోయే ఆడ కానిస్టేబుళ్లు ఇద్దరు ముగ్గురు రోజూ మా వీధిలో స్కూటర్ల మీద పోతూ కనిపిస్తారు. ఖాకీ ప్యాంటూ చొక్కా, టోపీ హ్యాండిలుకు తగిలించి, వాళ్లలో వాళ్లు ఏదో గట్టిగా నవ్వుకుంటూ పోతారు. కూరగాయల బండి ఆయన బేరం ఆపడు, ఆడుకునే పిల్లలు ఆట ఆపరు, ఎదురింటి ముసలాయన పేపరు లోంచి తల ఎత్తడు. ఎవరూ తిరిగి చూడరు. మేము అడిగింది కూడా అంతే.